ఎర్రబడిన పసుపు

ఆ ఎండాకాలం మా ఇంట్లో కూరల్లో పోసిన నూనె కన్నా సబ్బుల్లో పోసిన నూనే ఎక్కువ. ఆ మాట మా అత్త యాదవ్వ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. మొదట్లో విసుక్కుంటూ చెప్పేది, పోనుపోనూ గొప్పగా చెప్పుకునేది.

అది రెండు వేల ఆరో సంవత్సరం. శామీర్‌పేటలో మాది రెండు వాటాల ఇల్లు, నడుమ ఒకటే వాకిలి. ముందు వాటాలో మా బావ భాస్కర్, మా తోడికోడలు దుర్గాబాయి, వాళ్ళ కూతురు పూజ ఉండేవాళ్ళు. వెనక వాటాలో నేనూ మా ఆయన బాలేష్. అత్త ఏ పూట ఏ వాటాలో కూర బాగుంటే ఆ వాటాలో తినేది. బావ ప్లాట్లు చూపించి అమ్మించే పనిలో ఉండేవాడు. పొలాలన్నీ రాళ్ళు పాతిన వెంచర్లవుతున్న రోజులు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మడతపెట్టిన లేఅవుట్ కాగితం ఉండేది. మా ఆయన తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ స్టాఫ్‌ను దింపే వ్యాన్ నడిపేవాడు.

దుర్గాబాయిని నేను అక్కా అనే పిలిచేదాన్ని. పిలుపు ఒక్కటే కాదు, ఆమెను నిజంగానే అక్క అనుకున్నాను. పెళ్ళయ్యాక నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చిన కొద్దిరోజులకే, నల్లా దగ్గర ఒకావిడ నన్ను చూసి పక్కావిడతో ఏదో అన్నది. ఏమన్నదో నాకు సరిగా వినపడనే లేదు. అక్కకు వినపడింది. బిందె కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, ‘‘ఇంకోసారి అను. అను, జూస్త’’ అంటూ ఆవిడ మీదికి పోయింది. ఆ తర్వాత మా వాడకట్టులో ఎవరూ నా ముందు ఆ మాట ఎత్తలేదు.

సబ్బుల ఆలోచన కూడా అక్కదే. మండలాఫీసులో ఆడవాళ్ళకు సబ్బులు చెయ్యడం నేర్పుతున్నారని తెలిసి, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. సికింద్రాబాదు నుంచి వచ్చిన ఒక మేడం బల్ల మీద అన్నీ పరిచి చూపించింది. కొబ్బరినూనె, నీళ్ళు, కాస్టిక్ సోడా, అంతే. కాస్టిక్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి గానీ కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదని చెప్పింది. నీళ్ళు వాటంతటవే కాగిపోతుంటే, పొయ్యి లేకుండా పొగలొస్తుంటే అందరం వెనక్కి జరిగాం. అక్క మాత్రం అప్పటికే ఎవరెవరికి అమ్మాలో లెక్కేసుకుంటున్నది.

‘‘గంతేనా మేడం? గిదైతే మా చెల్లె కండ్లు మూసుకొని చేస్తది’’ అన్నది నన్ను ముందుకు తోసి.

కళ్ళు తెరుచుకున్నా రాలేదు నాకు. మొదటిసారి వాకిట్లో సిల్వర్, అంటే అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పెట్టి కాస్టిక్ పోశాను. మేడం ప్లాస్టిక్ బకెట్టో స్టీలు గిన్నెనో వాడాలని చెప్పిందని ఇద్దరికీ గుర్తులేదు. గిన్నెలో నీళ్ళు బుసబుసమంటూ లేచాయి. నల్లటి నురుగు అంచులు దాటి పొంగింది. ముక్కు మండిపోయే వాసన.

‘‘ఏ విజయా, ఎన్కకు జరుగు!’’ అని అక్క నా జాకెట్ పట్టుకుని గుంజింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. లోపలి నుంచి అత్త ఉరికొచ్చింది.

‘‘అయ్యో నా గిన్నె! నా లగ్గంల మా అవ్వ పెట్టిన గిన్నె!’’

‘‘అత్తా, ముట్టకు, చెయ్యి కాల్తది!’’

‘‘చెయ్యి గాలితే గాలనియ్, నా గిన్నె బోయింది గదనే!’’

నురుగు చల్లారాక చూస్తే గిన్నె అడుగున జల్లెడ కన్నాలు. అక్క ఆ గిన్నెను ఆకాశానికి ఎత్తి కన్నాల్లోంచి సూర్యుణ్ణి చూసింది. ‘‘చుక్కలు కనవడుతున్నయత్తా’’ అన్నది. అత్తకు కోపంలోనే నవ్వొచ్చింది. ఆ తర్వాత ముగ్గురం చాలాసేపు నవ్వాం.

రెండోసారి నూనె పైకి తేలింది, నీళ్ళు అడుగున నిలిచాయి. సరిగా చిక్కబడకముందే కలపడం ఆపేశానని తర్వాత తెలిసింది. మూడోసారి చేతులు పడిపోయేదాకా కలిపాను. గరిటె ఎత్తి చుక్కలు పడేస్తే పైన గీత నిలిచి కనపడాలి. అది కనపడేసరికి నాకు ఏడుపొచ్చింది. మామిడిపళ్ళు వచ్చిన చెక్క పెట్టెలో ప్లాస్టిక్ కవరు పరిచి పోశాం. మర్నాడు పెట్టె బోర్లిస్తే జున్నుముక్కలా తెల్లగా, గట్టిగా ఊడిపడింది. కత్తితో కోసి ముక్కలు వరసగా పేర్చినప్పుడు అత్త ఒక ముక్క తీసుకుని వాసన చూసి, ‘‘ఏందే, నిజంగనే సబ్బు లెక్కనే ఉన్నది’’ అన్నది. తర్వాత వేపాకు నూరి కలపడం, గంధం పొడి కలపడం నేర్చుకున్నాం.

కోసిన సబ్బును వెంటనే వాడకూడదు. ఓ నెల రోజులు గాలికి ఆరాలి. ఆరాక కూడా మేడం ఒక పరీక్ష చెప్పింది. తడివేలు సబ్బు మీద రాసి, ఆ వేలిని నాలుక కొనకు తాకించాలి. ఊరికే సబ్బు రుచి తగిలితే మంచిది. కరెంటు కొట్టినట్టు చురుక్కుమంటే కాస్టిక్ మిగిలి ఉన్నట్టు. ఆ సబ్బు ఒంటికి పనికిరాదు. నేను ప్రతి పెట్టెలోనూ ఒక ముక్కను అలా చూసి గానీ బయటికి పంపేదాన్ని కాదు.

అమ్మకం అంతా అక్కదే. కొంపల్లిలో కొత్తగా కట్టిన విల్లాల దాకా పోయేది. ‘‘కెమికల్ లేని సబ్బు మేడం, చంటిపిల్లలకు సుత పెట్టొచ్చు’’ అని చెప్పేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. బయటికొచ్చాక అడిగాను.

‘‘అక్కా, కాస్టిక్ కెమికలే గదా?’’

‘‘సబ్బైనంక అది యాడుంటది? నువ్వు కలుపు, నేను మాట్లాడ్త. మాట్లాడేకాడ నువ్వు రాకు.’’

నాకు అది నచ్చింది కూడా. నాకు మాట్లాడటం రాదు. ఆమెకు కలపడం రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అనుకునేదాన్ని.

అప్పుడొచ్చింది మేడ్చల్ ఆర్డరు. రాజారావు గారని అక్కడ పెద్ద భూములున్న మనిషి. వెంచర్లు వేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నికలంటే ఆయన మాట నడుస్తుంది. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలున్నాయి. బావ వార్డు మెంబరుగా నిలబడాలని ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. రాజారావు కూతురు అశ్రితకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెల ఫంక్షన్‌కు వచ్చిన ఆడవాళ్ళందరికీ కుంకుమ భరిణెతోపాటు చేత్తో చేసిన సబ్బు ఒకటి ఇస్తే కొత్తగా ఉంటుందని అక్క స్వయంగా పోయి వాళ్ళను ఒప్పించింది. ఆ రోజు బావ మా వాటాలోకి వచ్చి మరీ నాతో చెప్పాడు.

‘‘విజయా, గిది సబ్బుల ముచ్చట కాదు. మన ఇంటి ముచ్చట. జర మంచిగ చెయ్యి.’’

ఆరి సిద్ధంగా ఉన్న సబ్బులు సగానికే వస్తాయి. మిగతావి అప్పటికి కోసి పేర్చినవే, ఫంక్షన్ నాటికి ఆరుతాయి. అంతా సరిపోతుందనుకున్నాం. అందులో ఒక పెట్టె తేడా కొట్టింది. అది పోసిన రోజు కొన్న నూనె డబ్బా తక్కువ తూగిందో ఏమో, ఆ పెట్టె సబ్బు గంటలోనే రాయిలా బిగుసుకుంది. పైన సున్నం కొట్టినట్టు తెల్లగా పొడి లేచింది. ఆరబెట్టి, వారం తర్వాత వేలితో నాలుకకు తాకించాను. చురుక్కుమని తల దాకా కొట్టింది.

అప్పుడే బాలేష్ డ్యూటీ దిగి వచ్చాడు. ‘‘ఏందట్ల మొకం పెట్టినవ్?’’ అన్నాడు.

‘‘జర నాలుక సాపు’’ అన్నాను. తడివేలు తాకించగానే ఎగిరి దూకి, నల్లా కింద నోరు పెట్టి, ‘‘సంపుతవానే నన్ను!’’ అని అరిచాడు. నేను వాకిట్లో కూలబడి నవ్వాను. పెళ్ళైన కొత్తలో తప్ప నేనంతగా నవ్వడం ఆయన చూడలేదేమో, నోరు కడుక్కుంటూనే నన్ను చూస్తూ నిలబడ్డాడు.

ఆ పెట్టెను విడిగా గోడవారగా పెట్టాను. అక్కకు చెప్పాను, అత్తకు చెప్పాను. ‘‘ఇది కొరుకుతాంది. ఒంటికి వద్దు. బోళ్ళు తోముకోను, గచ్చు కడుక్కోను వాడుకుందం.’’

‘‘మరి ఆర్డరుకు తక్కువైతయ్ గదా’’ అన్నది అక్క.

‘‘తక్కువైతే తక్కువిద్దం. దగ్గరి సుట్టాలకు సబ్బు ఇచ్చి, మిగిలినోళ్ళకు భరిణె ఒక్కటే ఇస్తరు.’’

‘‘సరె తియ్’’ అన్నది. నేను ఆ ‘సరే’ను నమ్మాను.

ఫంక్షన్‌కు నాలుగు రోజుల ముందు కీసర నుంచి కబురొచ్చింది. మా అమ్మ బావి దగ్గర జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అక్కే నా బట్టలు సంచిలో సర్ది, ‘‘నువ్వు పో. ప్యాకింగు నేను జూస్కుంట. అమ్మను పరేషాన్ గావొద్దను’’ అని ఆటో ఎక్కించింది.

నేను కీసరలో ఉండగానే తొట్టెల అయిపోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు, పొద్దున పదింటికి బాలేష్ వచ్చాడు. డ్యూటీ రోజు. వ్యాన్ లేదు, ఎవరి బండో అడుక్కొచ్చాడు.

‘‘ఏమైంది? అత్తకు బాగలేదా?’’

‘‘బాగనే ఉన్నది. ఇంటికాడ జర పనున్నది. జల్దీ రా.’’

దారి పొడుగునా అడిగాను. ‘‘చెప్త, చెప్త’’ అన్నాడే గానీ చెప్పలేదు. నేను వెనక కూర్చుని అమ్మ చెయ్యి సంగతి, కట్టు సంగతి చెబుతూనే ఉన్నాను. ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. నా సిగ్గు కాదు, ఆయన పడాల్సిన సిగ్గు.

వాకిట్లో పెద్ద కారు ఆగి ఉంది. లోపల మా ఇంటి కుర్చీలన్నీ వేశారు. రాజారావు, ఆయన భార్య, వెంట వచ్చిన ఇద్దరు మనుషులు కూర్చున్నారు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్త గడప మీద కూర్చుంది. అక్క గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

నన్ను చూడగానే రాజారావు భార్య లేచింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

‘‘నువ్వేనా సబ్బులు చేసేది? నా మనుమరాలికి తానం బోసినం నీ సబ్బుతోని. ఒళ్ళంత బొబ్బలు లేచినయమ్మా. సికింద్రాబాద్ల దవాఖానల పడుకోబెట్టినం. పిల్ల ఏడ్వలేకపోతాంది, గొంతు బోయింది.’’

‘‘అట్లెట్లైతదమ్మా? నేను అన్నీ చూసే...’’ అంటుండగా ఆమె కొంగులోంచి సబ్బు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

ఎర్రగా ఉంది. కాళ్ళకు రాసుకునే పారాణిలా ఎర్రగా.

నేను చేసిన సబ్బుల్లో ఎరుపు లేదు. గోటితో గీరి చూశాను. పైపైనే ఎరుపు, లోపల తెలుపు. తెల్లపొడిని చాకుతో చెక్కేసి, గరుకు కనపడకుండా పైన పసుపు తడిపి రాశారు. పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుందో ఏ ఆడదానికి తెలియదు? కాస్టిక్ మిగిలిన సబ్బు మీద కూడా అంతే. అది గోడవారన పెట్టిన పెట్టె.

నేను అక్క వైపు చూశాను. ‘‘అక్కా, గివి ఆ పెట్టెలయే గదా?’’

అక్క నన్ను చూడలేదు. రాజారావు వైపు తిరిగి, చాలా మెల్లగా, బాధగా మాట్లాడింది.

‘‘సార్, నేను అమ్ముడు వరకే. కలిపేది, చూసేది అంత మా చెల్లెనే. అన్ని ఆరినయ్, తీస్కపోయి ఇయ్యిండ్రని చెప్పే కీసర బోయింది. నాకు సబ్బు గురించి ఏం తెల్వది సార్. చిన్నది, కొత్తగ నేర్చుకున్నది, పొరపాటైంది.’’

నేను ఆమె మీది నుంచి చూపు తిప్పుకున్నాను. ఆమె అబద్ధం చెప్పినందుకు కాదు. అంత తేలిగ్గా, ఎప్పుడూ నా తరఫున మాట్లాడే అదే గొంతుతో చెప్పినందుకు.

‘‘అత్తా’’ అన్నాను. ‘‘నువ్వు ఇంట్లనే ఉంటివి గదా. ఎవలు తీసిండ్రో నువ్వు చూస్తివి గదా.’’

అత్త గడప మీద గీతలు గీస్తూ కూర్చుంది. ‘‘నాకేం ఎరుక బిడ్డా. ముసల్దాన్ని. మీ పనులు మీయి.’’

వీపు మీద చెయ్యి పడింది. బాలేష్ చెయ్యి. ధైర్యం చెప్పడానికి వచ్చాడనుకున్నాను. ఆ చెయ్యి మెల్లగా ముందుకు ఒత్తింది, రాజారావు భార్య కాళ్ళ వైపు. చెవి దగ్గర ఆయన గొంతు వినపడింది. ‘‘ఒక్క మాట తప్పైందను. ఒడిసిపోతది.’’

నేను వంగాను. ఆమె కాళ్ళు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. నేను ఏడ్చింది ఆ పసిపిల్ల కోసమే, వాళ్ళేమనుకున్నా సరే. ‘‘తప్పైందమ్మా’’ అన్నాను.

రాజారావు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ‘‘తెల్వక చేసింది, ఏం జేస్తం. భాస్కర్, ఇగ మీ ఇంట్ల గీ సబ్బు దందా వద్దు.’’

‘‘గీ పొద్దుతోని బంద్ సార్’’ అన్నాడు బావ.

ఆ సాయంత్రమే బావ అరల మీది సబ్బులన్నీ గోనెసంచిలో వేసి బయట పారేయించాడు. మంచివీ, చెడ్డవీ అన్నీ. రాజారావు అండ ఆయనకు అలాగే ఉంది. మర్నాటి నుంచి కాగితాల మీద ఓటర్ల ఇళ్ళు గుర్తు పెట్టుకుంటూ తిరిగాడు.

అక్కతో నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు బట్టలు ఉతికే బండ దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. తిట్టాలని కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

‘‘అది కొరుకుతదని నీకు తెల్సు గదా. ఎందుకిచ్చినవక్కా?’’

ఆమె బట్ట పిండుతూనే ఉంది. ‘‘చంటిపిల్లకు పెడ్తరని నేననుకున్ననా? సుట్టాలకు ఇస్తరు, ఒక రోజు వాడి పడేస్తరు అనుకున్న. తక్కువైతే ఆయన మొకం ఏంగావాలె?’’

‘‘సరే. మరి నా పేరెందుకు జెప్పినవ్?’’

అప్పుడు తలెత్తి చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు, సిగ్గూ లేదు. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో చెబుతున్నట్టు చెప్పింది.

‘‘ఎవలో ఒకలు పడాలె గదా విజయా. నాకు పూజ ఉన్నది. దానికి రేపు సంబంధాలు రావాలె, ఆయనకు ఓట్లు రావాలె. నీకేమున్నది? పేరు బోతే నీకు ఆగేదేమున్నది?’’

నల్లా దగ్గర ఆవిడ నా గురించి ఏమన్నదో నాకు ఆరోజు వినపడలేదన్నాను కదా. ఇదే అయి ఉంటుందనిపించింది. నేను బకెట్ ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.

బాలేష్‌ను మాత్రం నేను వదల్లేకపోయాను. భయపడ్డాడు, అన్న ముందు నోరు రాలేదు, అంతే అనుకున్నాను. ఆయనా అదే చెప్పాడు. ‘‘నేను డ్యూటీల ఉన్న. వాళ్ళేం ఇచ్చిండ్రో, ఎట్లిచ్చిండ్రో నాకేం తెల్వది. నేను వచ్చేసరికే ఇంట్ల లొల్లి నడుస్తాంది’’ అన్నాడు. నేను నమ్మాను. నమ్మకపోతే ఆ ఇంట్లో నాకు ఎవరూ మిగలరు. పొద్దున ఆయనకు డబ్బా కట్టేదాన్ని. సాయంత్రం వేడినీళ్ళు పెట్టేదాన్ని. ఆయన ఏదో కొనుక్కొచ్చేవాడు, మల్లెపూలో, బత్తాయిలో. ఆ కాలంలో ఆయన నాతో ఎప్పుడూ లేనంత మెత్తగా ఉన్నాడు. అది ప్రేమే అనుకున్నాను.

మొదటి వానలు పడ్డాక ఒక రోజు మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. దిగింది అశ్రిత, రాజారావు కూతురు. చంకలో పిల్ల. అక్క, బావ ప్రచారానికి పోయారు. అత్త లోపల నిద్రపోతున్నది. నేను వాకిట్లో నిలబడిపోయాను. ఏం తిడుతుందోనని.

‘‘విజయ మీరేనా?’’ అన్నది. పిల్లను నా వైపు తిప్పింది. ‘‘ఇగో, చూడండి. తగ్గిపోయింది. మా అమ్మ మీతోని కాళ్ళు పట్టించుకున్నదంట. నాకు మొన్ననే తెలిసింది. మంచిగ అనిపించలే. అందుకే తీస్కొచ్చిన.’’

పిల్ల పేరు ఇషిత అట. మెడ దగ్గర, తొడల మీద చర్మం ఇంకా లేతగా, కొత్తగా మెరుస్తున్నది. నేను వేలు చాపితే పట్టుకున్నది. ఎంతసేపటికీ వదల్లేదు.

‘‘నేను ఆరోజు కీసరల ఉన్నమ్మా. నేను ఇచ్చిన సబ్బులు కావవి’’ అన్నాను. ఆమెను నమ్మించాలని అనలేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి కాబట్టి అన్నాను.

అశ్రిత తల ఊపింది. ‘‘మీరు ఇయ్యలే, నాకు తెలుసు. పెట్టె తెచ్చింది మీ ఆయననే కదా. కంపెనీ వ్యాన్ల వచ్చిండు. నేనే గుమ్మంల ఉన్న. వాసన మంచిగున్నది, పాపకు పెట్టొచ్చా అని అడిగిన కూడ. ‘బేఫికర్‌గ పెట్టుండ్రి మేడం, మా ఇంట్ల అందరం గివే వాడుతం’ అన్నడు.’’ పిల్లను భుజం మార్చుకున్నది. ‘‘ఆయనకు కూడ తెల్వదేమో పాపం.’’

‘‘అవునమ్మా’’ అన్నాను.

కారు మలుపు తిరిగాక అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా నల్లా కనపడింది. దాని కింద నోరు పెట్టి, సంపుతవానే నన్ను అని అరిచిన మనిషి. నాలుకతో చూసిన మనిషి. ఆ తల్లి నోరు తెరిచి అడిగితే పెట్టుకోండని చెప్పాడు.

సాయంత్రం వెలుతురుండగానే బాలేష్ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. జొన్నరొట్టె, గోంగూర పప్పు పెట్టాను. సగం తిననిచ్చి అడిగాను.

‘‘మేడ్చల్‌కు పెట్టె తీస్కపోయింది నువ్వేనంట.’’

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది. ‘‘ఎవలు జెప్పిండ్రు?’’

‘‘పిల్ల తల్లి వచ్చింది.’’

తుంచిన ముక్కను కంచం అంచున పెట్టి, ‘‘వదిన ఇచ్చింది, తీస్కపోయిన. అన్న పని గదా. కాదంటె ఇంట్ల లొల్లి’’ అన్నాడు.

‘‘అవి ఆ పెట్టెలయని నీకు తెల్సా?’’

పప్పులో రొట్టె ముంచి, తినకుండా అలాగే పట్టుకున్నాడు. ‘‘తెల్సు.’’

‘‘పాపకు పెట్టొచ్చా అని ఆమె అడిగితె?’’

‘‘వద్దంటే సంగతేందని అడ్గుతది. అందరి ముంగట అన్న పరువు బోతది. ఒక్కసారి పెడితె ఏమైతది అనుకున్న.’’ ఇప్పుడు నా వైపు చూశాడు. బతిమాలుతున్నట్టు చూశాడు. ‘‘నీ మీదికి వస్తదని తెల్వదు విజయా. వచ్చినంక... నువ్వైతే ఓర్చుకుంటవ్ అనుకున్నం.’’

అనుకున్నం. అనుకున్న అని కాదు. అంటే కూర్చుని మాట్లాడుకున్నారు. నేను కీసరలో అమ్మకు అన్నం తినిపిస్తున్నప్పుడు ఈ ఇంట్లో అందరూ కూర్చుని, ఎవరు ఓర్చుకుంటారో మాట్లాడుకున్నారు. ఆ తర్వాతే ఆయన ఎవరి బండో తీసుకుని నన్ను తేవడానికి బయల్దేరాడు.

‘‘తిను, సల్లారిపోతాంది’’ అన్నాను. ఆయన తిన్నాడు. తాగడానికి నీళ్ళిచ్చాను. కంచం తీసి కడిగి బోర్లించాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు ఆ సాయంత్రం తోచలేదు.

బావ ఆ ఎన్నికల్లో గెలిచాడు. ఊళ్ళో డప్పులు కొట్టి రంగులు చల్లుకున్నారట. ఆ సంగతి నాకు కీసరలో తెలిసింది. అమ్మ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, అందుకే వెళ్ళిందని అత్తింటివాళ్ళు శామీర్‌పేటలో చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకున్నాను. అక్కడ మళ్ళీ సబ్బులు చేశాను. ఎవరైనా కెమికల్ లేనివేనా అని అడిగితే, ఉన్నదని చెప్పి, ఎలా పోతుందో కూడా చెప్పేదాన్ని. కొందరు వద్దని వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు. బాలేష్ కొన్నాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని పోయేవాడు. తర్వాత రావడం తగ్గింది.

అయితే నాకు ఎక్కువ గుర్తున్నది ఆ ఇల్లు వదిలిన పొద్దు. రాత్రి వాన కురిసి వాకిలంతా బురదగా ఉంది. నేను సంచి ఒకటే పట్టుకున్నాను. ఆటో బయట నిలబడింది. బావ వీధి చివర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అక్క ముగ్గు వెయ్యడానికి వంగి, నన్ను చూసి అలాగే ఆగిపోయింది. వేళ్ళ మధ్య నుంచి ముగ్గుపిండి రాలుతున్నది.

‘‘ఏడికే?’’ అన్నది.

‘‘కీసరకు.’’

‘‘ఎప్పుడొస్తవ్?’’

నేను ఆమె పక్క నుంచి గేటు వైపు నడిచాను. బాలేష్ వ్యాన్ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అత్త ఒక్కతే గేటు దాకా నా వెంట వచ్చింది.

‘‘పోతున్నత్తా’’ అన్నాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. ‘‘ఇంట్లకెల్లి పోయేటప్పుడు గట్లనొద్దు బిడ్డా. పోయొస్త అను. ఒక్క మాట, పోయొస్త అను.’’

ఆ రోజు గడప మీద గీతలు గీసిన వేళ్ళే అవి. నేను వాటిని మెల్లగా విడిపించి, ఆటోలో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.

‘‘పోతున్న’’ అన్నాను మళ్ళీ.